ఎర్సీలియా మరియమ్మ

మా కొండ ఊళ్ళో సమాధుల తోట పక్కనున్న చిన్న చర్చి తాళంచెవి ముప్పై ఒక్కేళ్ళు ఎర్సీలియా దగ్గరే ఉంది. లోపల గోడ మీద బాలయేసును చంకనెత్తుకున్న మరియమ్మ బొమ్మ. ఐదొందల ఏళ్ళ కిందట ఒక మహా చిత్రకారుడు సున్నం తడిగా ఉండగానే వేశాడు. ఆ తల్లి కళ్ళు కిందికి వాలి, ఎదుట మోకరిల్లిన మనిషినే చూస్తున్నట్టుండేవి.

ఎర్సీలియా కొడుకు, నెల్లో అనేవాడు, పంతొమ్మిదో ఏట రాతిగనిలో పోయాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే చర్చి ఊడ్చి, చీపురు పట్టుకునే ఆ కళ్ళ కింద కూర్చుని మాట్లాడేది. ఆలివ్ చెట్లకి పట్టిన తెగులూ, ఆఖరికి పక్కింట్లో మా ఆయన తాగుడూ, అన్నీ చెప్పేది. పక్కింటిదాన్ని, వెంట వెళ్ళినప్పుడు నేను చాలాసార్లు విన్నాను. ప్రార్థనలా ఉండేది కాదు, ఇరుగమ్మతో కబుర్లలా ఉండేది.

పోయినేడాది గోడకి చెమ్మెక్కిందని బాగుచేసేవాళ్ళు వచ్చి పరంజా కట్టారు. వాళ్ళ పెద్ద మారిల్దా నెలరోజులు దీపం పెట్టి చూసి చెప్పింది: "ఈ ముఖం ఆయన వేసింది కాదమ్మా. నూటపాతికేళ్ళ కిందట ఎవరో ఇళ్ళకి రంగులేసే మనిషి పైన పూశాడు. అసలుది కిందుంది."

"ఎవరేస్తే ఏం? నా కొడుకు పోయిన రోజు నన్ను చూసింది ఈవిడే కదా," అంది ఎర్సీలియా.

మారిల్దా దీపం ఆర్పేసింది.

కాఫీ కొట్టు తుల్లియో ఊరుకుంటాడా? "ఏం ఎర్సీలియా, ఇన్నేళ్ళూ సున్నాలవాడి బొమ్మకా నీ గోడు చెప్పుకుంది?"

"నీ పెళ్ళాం నీకు చెప్పుకుంటోందిగా. దానికంటే గోడ నయం."

కొట్టంతా నవ్వింది. ఎర్సీలియా మాత్రం కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. పై పూత తీయించొద్దని ఫాదర్‌ని బతిమాలింది. "నా చేతుల్లో లేదమ్మా, పైనుంచి కాగితం వచ్చేసింది," అన్నాడాయన.

తడి దూదితో, సన్నటి కత్తితో ఆరు వారాలు ఆ పూత తీశారు. చివరిరోజు మారిల్దా ఎర్సీలియాని చెయ్యి పట్టి పరంజా ఎక్కించింది. వెనకే నేనూ ఎక్కాను. అసలు ముఖంలో ఒక చెంప ఎప్పుడో రాలిపోయింది. మిగిలింది దగ్గరికి వంగి చూశాను. మెడ దగ్గర లేత నీలపు నీడ, నిద్రలేని తల్లికుండే కళ్ళకింద వాపు. రాణి కాదు, మన వీధి ఆడమనిషి. సున్నం ఆరేలోగా ఒక్క పూటలో వేశాడట. కళ్ళు మాత్రం కిందికి లేవు, చంకలో బిడ్డ వైపు తిరిగి ఉన్నాయి.

ఎర్సీలియా వేలు దగ్గరదాకా తీసుకెళ్ళి, తాకకుండా ఆపింది. "ఎంత బాగా వేశాడమ్మా," అంది. వేలు వెనక్కి తీసుకుని, "కానీ ఈవిడకి నేను తెలీదు," అంది.

ఆ ఆదివారమే తాళంచెవి ఫాదర్ బల్ల మీద పెట్టేసింది. బస్సుల్లో జనం రావడం మొదలైంది. ఆమె అటువైపే పోలేదు. వంటింట్లో ఏదో చెప్పబోయి సగంలో ఆగిపోయేది. గోడ ఇవతల నాకు ఆ ఆగడం వినపడేది.

ఫిబ్రవరిలో ఒకనాడు ఆమె కొడుకు నెల్లో సమాధి తుడవడానికి ఇద్దరం వెళ్ళాం. వాన పట్టుకుంటే తప్పక చర్చిలోకి దూరాం. ఎవరూ లేరు. ఆమె ఆ బొమ్మ ఎదుట నిలబడి చూసింది.

"బిడ్డ మీంచి చూపు తిప్పడం లేదు, చూశావా?"

"అవును," అన్నాను.

"చూసుకోనీ. బిడ్డ ఉన్నన్నాళ్ళు చూసుకోనీ."

వాన తగ్గనేలేదు. అయినా బయటికి నడిచింది. నేనూ తడుస్తూ వెనకే వెళ్ళాను.