సోమక్క కాంటా ఎక్కిన రోజు

మా కాశిబుగ్గలో సోమక్క మగ్గం ముందు కూర్చుంటే గోడ కూడా జరిగి చోటిస్తుందని ఎగతాళి చేసేవాళ్ళం. అందరికంటే ముందు ఆమే నవ్వేది. ఆమె నేసే జంపఖానాల గట్టిదనం మాలో ఎవరి చేతికీ రాలేదు, మా నోళ్ళకు మాత్రం తక్కువ లేదు.

పిత్తాశయంలో రాళ్ళు పడ్డాక ఆ నవ్వు పోయింది. ఒక దవాఖానలో ఇంత ఒంటికి మత్తు ఇవ్వలేమని పంపేశారు. రాళ్ళు తీయకపోతే ప్రాణం మీదికొస్తుందని చెప్పి రెండో దవాఖానవాళ్ళు చేర్చుకున్నారు.

మత్తు డాక్టరమ్మ యమున బరువెంతని అడిగింది. వార్డులోని తూకం మిషన్ సోమక్కను మొయ్యలేక చేతులెత్తేసింది. పక్కనున్న అత్త రాములవ్వ గబుక్కున "తొంభై ఉంటది బిడ్డా" అనేసింది. మా వాడలో మనిషి తూకం నిజం చెప్పరు. చెబితే దిష్టి తగిలి మనిషి కరిగిపోతుందని భయం. కరిగితే మంచిదే కదా అని డాక్టరమ్మ అనలేదు, అది ఆమె మర్యాద.

మత్తిచ్చాక కండరాలు సడలే మందు ఇస్తామని, అప్పుడు సోమక్క తనంతట తాను ఊపిరి తీసుకోలేదని, వెంటనే గొంతులోకి గొట్టం వేసి తాము ఊపిరి అందించాలని వివరించింది. లావు మనుషులు ఊపిరి అందకుండా తట్టుకునే వ్యవధి మరీ తక్కువ. ఆ మందేమో మనిషి మొత్తం బరువును బట్టి ఇవ్వాలి.

"తొంభైకని ఇస్తే దవడ సరిగ్గ సడలదక్కా. గొట్టం దిగకపోతే నీకు ఊపిరందదు. నాకు నీ అసలు తూకం కావాలె."

సోమక్క మంచం దిగింది. తర్వాత డాక్టరమ్మను అడిగి ఆటో ఎక్కి, నేరుగా మా వాడ నూలు గోదాముకొచ్చింది. బేళ్ళు తూచే కాంటా అక్కడుంది. నూలు కోసం వచ్చిన జనమూ ఉన్నారు. రాములవ్వ కొంగు పట్టి వెనక్కి లాగింది.

"దిష్టి తర్వాత తీద్దువు అత్తమ్మా. ముందుగాల నన్ను బతకనియ్యి."

ఎక్కింది. అంకె చదవడానికి గుమాస్తా నసుగుతుంటే ఆమే వంగి చూసి, బజారంతా వినేటట్టు "నూట నలభై ఆరు" అంది. ఒక్కరూ నవ్వలేదు. సోమక్క కాంటా దిగింది. యుద్ధం గెలిచినవాళ్ళు కూడా అంత నిటారుగా దిగరు.

మర్నాడు తల కింద, భుజాల కింద దుప్పట్లు మడిచి ఎత్తుగా పెట్టి, ముందుగా మాస్కుతో ఆక్సిజన్ పట్టి, ఆ తూకానికే మందిచ్చారు. దవడ మెత్తగా వదిలింది, గొట్టం మొదటిసారికే దిగింది. రాళ్ళు తీయడం అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చి ఈ మాట చెప్పగానే రాములవ్వ ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

వార్డుకు తెచ్చాక సోమక్క కళ్ళు తెరిచింది. గొంతు బొంగురుపోయింది.

"ఊపిరి నువ్వే అందిస్తాన్నవా డాక్టరమ్మా?"

"లేదక్కా. నువ్వే తీస్కుంటాన్నవ్."

సోమక్క నమ్మకం కుదరక ఛాతీ నిండా ఒకటి పీల్చి చూసింది. కుదిరాక, కావాలనే ఇంకొకటి పీల్చింది.