కుంచం చిన్నదైపోయిన ఏడు

అరకులో ఎరువుల కొట్టు ముందు బస్సు ఆగినప్పుడల్లా పక్కసీటువాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు, నేను మాత్రం కిటికీ అద్దం ఇంకాస్త జరిపి ఆ ఘాటు వాసన పీలుస్తాను. నవ్వితే నవ్వండి, నాకు ఆ వాసన ఇష్టం. పదేళ్ల వయసులో మా అయ్య చెయ్యి పట్టుకుని సంతకెళ్లి, ఆ కొట్టు గుమ్మంలో నిలబడి, బస్తాల మీద బొమ్మలు చూస్తూ, లోపల ఏముందో, అంత తెల్లటి పలుకులు పైరుకి పచ్చదనం ఎలా ఇస్తాయో అని తెగ ఆలోచించేదాన్ని.

తొంభైల నాటి మాట ఇది. మాది లోయ అంచున ముప్పై గడపల ఊరు. కొండవాలున చోళ్లు, అదే రాగులు, సామలు, గెడ్డవాగు పక్క మడిలో వడ్లు, వానలు వెళ్లి చలి మొదలయ్యేసరికి మెట్టంతా పచ్చగా పసుపు పూసినట్టు వలిసెపూలు. రోజూ చోడి అంబలే. వరన్నం చుట్టాలొస్తేనో పండగొస్తేనో. మా అయ్యని కన్న తల్లి, మామ్మ, కోత కాగానే ఇంట్లో ఎవరూ కొత్తగింజ నోట పెట్టకముందే బలమైన వడ్ల వెన్నులు ఏరి, కాళ్లతో నులిమి, ఎండబెట్టి, ఆ విత్తనాన్ని గడ్డితాడుతో మూటగా చుట్టి పొయ్యి పైన అటక మీద పెట్టేది. ఏడాది పొడుగునా పొగ తగిలి దానికి పురుగు పట్టేది కాదు. ఎర్రటి, పొట్టి గింజ. చైత్రంలో విత్తనాల పండగనాడు ఇంటికో దోసెడు చొప్పున ఆకుదొన్నెల్లో పట్టుకెళ్లి ఊరిదేవుడి ముందు పోస్తే, పూజారి అన్నీ కలిపి మళ్లీ అందరికీ పిడికెడు పంచేవాడు. అది తెచ్చి మన విత్తనంలో కలుపుకుంటే గాని నాగలి కట్టకూడదు. ఆ రోజు పనసకాయ కూరా, కోడికూరా, మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా థింసా ఆట. ఎవరింటి గింజ ఎవరి మడిలో మొలిచిందో అని నేను వేసే ప్రశ్నలకి మామ్మ విసుక్కునేది.

సంతలో షావుకారు ఎర్రగింజకి ధర తగ్గించేసి, తెల్లటి సన్నగింజైతే ఎక్కువిస్తానన్నాడు. మా అయ్య పొట్లం విత్తనం తెచ్చి సగం మడిలో వేశాడు. పంట విరగకాసింది. కానీ ఆ పైరుకి పెంటఎరువు ఆనదు, యూరియా బస్తా పడాల్సిందే. మా అయ్యకి రూపాయల్లో ఆలోచించడం రాదు, ఏదైనా చోళ్లు కొలిచే కుంచాల్లోనే. మొదటేడు బస్తాకి పన్నెండు కుంచాల చోళ్లు అమ్మాడు, మరుసటేడు పదిహేను, ఆ పై ఏడు పద్దెనిమిది.

"బస్తా పెద్దదయినాదేటి అయ్యా?" అని అడిగాను, సంత నుంచి నడిచి వస్తుంటే.

"నేదు గుంటా, ఆ బస్తాయే."

"మరి మన కుంచం సిన్నదయిపోనాదేటి?"

అయ్య ఆగి, నా మొహంలోకి చూసి, పగలబడి నవ్వాడు. నాకు మాత్రం అనుమానం తీరలేదు. కుంచం నిండా చింతపిక్కలు పోసి, వాటిని ఒక డబ్బాలో దాచి, ప్రతి సంతకి ముందూ మళ్లీ కొలిచేదాన్ని. ఎన్నిసార్లు పోసినా పిక్కలు అంచుదాకా సరిగ్గా వచ్చేవి. ఇనప కుంచం అరగలేదు, వంగలేదు. మరి మా చోళ్లు ఎటు పోతున్నట్టు? పంతులుగారిని అడిగితే ఎక్కాలు చదువుకోమన్నారు.

ఆ పై ఏడు అయ్య మడంతా పొట్లం వడ్లే ఊడ్చాడు. మామ్మ మూట వచ్చే ఏటికని అటక మీదే ఉండిపోయింది. ఎరువు అందక పైరు పసుపుబారే వేళకి బస్తా ఇరవైరెండు కుంచాలైంది. ఇంట్లో చోళ్లు పద్దెనిమిదే ఉన్నాయి. మామ్మ మేకల వెంట వెళ్లింది. అయ్య అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే, ఐదో తరగతి లెక్కల్లో ఫస్టు వచ్చిన నేను టక్కున చెప్పాను.

"అటక మీద మూటలో నాలుగు కుంచాలుంటాయి అయ్యా. సరిపోద్ది."

 అయ్య లేచి అటక ఎక్కాడు.

నా లెక్క తప్పింది. చోళ్ల ధరే వీటికీ వస్తుందనుకున్నాను. ఎర్రగింజ ఎవరిక్కావాలని షావుకారు సగం ధరకి కొలుచుకున్నాడు, ఆ తేడా పూడ్చడానికి అయ్య ఇంట్లో కోడిపుంజుని కూడా తెచ్చి అక్కడే అమ్మాడు. మామ్మ వచ్చి ఖాళీ అటక చూసి ఒకటే మాట అంది: "తిండిగింజలు అమ్ముకో, నానొద్దన్ను. అది ఇత్తనంరా." ఆ తర్వాత ఆవిడ కొడుకుని తిట్టని రోజు లేదు. లెక్క చెప్పింది నేనని అయ్య చెప్పలేదు, నాకు చెప్పే ధైర్యం చాల్లేదు. మామ్మ పోయినప్పుడు అందరికంటే ఎక్కువ నేను ఏడ్చింది అందుకే.

కోతయ్యాక మామ్మ అలవాటు ప్రకారం ఆ పొట్లం వడ్లలోనే వెన్నులు ఏరి, మూట కట్టి పొగకి పెట్టింది. విత్తితే మోకాలెత్తుది ఒకటి, నడుమెత్తుది ఒకటి, ఒకటి ఈనుతుంటే ఒకటి ఎండిపోయింది. పొట్లం విత్తనం దాచుకునేది కాదని మాకు ఎవరు చెప్పారు గనక! పాత గింజ కోసం మామ్మ గడప గడపా తిరిగింది. అందరి అటకల మీదా అదే కథ.

ఇప్పుడు మా మడిలో వడ్లు లేవు, అయ్య మెట్టలో కాఫీ, మిరియం చూసుకుంటున్నాడు. విత్తనాల పండగ జరుగుతుంది గాని దొన్నెల్లో పోసేది కొట్టులో కొన్న గింజ. మొన్న అరకులో పాత విత్తనాల ప్రదర్శన పెట్టారంటే అయ్యని తీసుకెళ్లాను. సీసాల్లో ఎర్రవడ్లే పాతిక రకాలున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో పేరు. అయ్య ప్రతి సీసానీ వెలుతురుకి ఎత్తి చూసి దించేశాడు. అక్కడున్న కుర్రాడు పుస్తకం తెరిచి, మీరు వెతికే రకం పేరు చెబితే రాసుకుంటాను, ఎక్కడైనా దొరికితే కబురు చేస్తామన్నాడు.

అయ్య నా వైపు చూశాడు. నాకూ తెలియదు.

"పేరేటి బాబూ," అన్నాడు. "మేం వడ్లనే అనీవోళ్లం. అప్పుడు వడ్లంటే అవే కదా."