మోటారు రంధ్రంలో ఎర్రదారం

దశరథం అన్న కోపాన్ని మనుషుల మీద చూపించడు, ఇనుము మీద చూపిస్తాడు. ఆ రోజు పొద్దున్నుంచి తన పడవ మోటారును తిట్టని తిట్టు లేదు.

పదహారేళ్లప్పుడు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీ అయ్యాడు. పిల్లలు లేరు. సూరత్‌లోని బమ్రోలి బస్తీలో మా పక్క గదే. ఆదివారమైతే భార్య బాలవ్వతో డుమస్ సముద్రతీరానికి పోయేవాడు. అక్కడ ఆయనకో పాత పడవ ఉంది. ఆమె ముందు కూర్చునేది, ఈయన వెనక మోటారు పట్టేవాడు. లాక్‌డౌన్ పెట్టగానే ఆ మోటారు ఇంటికొచ్చి, చీర చుట్టుకొని మూలన పడింది. రెండో విడత కరోనాలో బాలవ్వ పోయింది. ఆసుపత్రివాళ్లు ముఖం కూడా చూపించలేదు. చేతికిచ్చిన అస్థికల ముంత ఐదు నెలలుగా గోడ మేకుకు వేలాడుతోంది.

మర్నాడు పెత్రమాస, పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య. ఆ రోజే ఆమెను నీళ్లలో కలపాలని ఆయన పట్టు. "కిరాయి పడవ మాట్లాడుదామన్నా" అన్నాను.

"నా పెండ్లాన్ని ఇంకోడు తీస్కపోవుడేంది?" అని గయ్యిమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

జిగటగా మారిన పాత పెట్రోలు పారబోశాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గు మార్చాడు. వాకిట్లో డ్రమ్ము నిండా నీళ్లు పోసి, దాని అంచుకు మోటారు బిగించి తాడు లాగాడు. పదోసారికి అందుకుంది. కానీ వెనక చిన్న రంధ్రంలోంచి చిమ్మాల్సిన నీళ్లు రాలేదు. అవి రాకపోతే లోపల నీళ్లు తిరగనట్టే, మోటారు కాలిపోతుంది. ఆపేసి, నీళ్లు తోడే రబ్బరు రెక్కలు విప్పి చూశాడు, బాగానే ఉన్నాయి. మళ్లీ బిగించాడు, మళ్లీ అదే కథ. "నీయవ్వ, నువ్వు గూడ గిట్లనే చేస్తవా!" అని పానా విసిరికొట్టి కూలబడ్డాడు.

చాలాసేపటికి లేచి, సన్న తీగతో ఆ రంధ్రమే కెలికాడు. ఎర్రదారం ఉండ ఒకటి బయటికొచ్చింది.

మా సాంచాల దగ్గర ఓ అలవాటుంది. పండుగకు కార్ఖానా మూస్తే, దుమ్ము దూరకుండా నూనె రంధ్రాల్లో దారం కుక్కి పోతాం. కార్ఖానాలో దారం కండెలు చుట్టే బాలవ్వ చేతికీ అదే అలవాటు.

"కుమ్మరి పురుగులు మట్టితోని గూడు పెడ్తయని కుక్కింది," అన్నాడు. "వారం వారం నేను తాడు గుంజకముందే తనే తీసేది గావచ్చు. ఇన్నేండ్లల్ల నాకు తెల్వనే తెల్వది తమ్మీ." ఆ దారం కళ్లకద్దుకొని గొల్లుమన్నాడు. ఆమె పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

మర్నాడు తోడొస్తానంటే వద్దన్నాడు. మోటారును ఆటోలో వేసి, ముంతను ఒళ్లో పెట్టుకొని పోయి, సాయంత్రానికి ముంత లేకుండా వచ్చాడు. మోటారును మూలన పెట్టి, అదే దారాన్ని మళ్లీ ఆ రంధ్రంలో కుక్కాడు. ఈసారి కొసను జానెడు బయటికి వదిలాడు. ఎందుకన్నా అని అడిగాను.

"నాకు కనవడాలె గద. తీసేటోళ్లు లేరిప్పుడు."