బేస్ గిటారుకు వేసిన టేపు

మా అన్నయ్యకు ఆర్కెస్ట్రా ఉండేది. తొంభైల్లో పెళ్ళి రిసెప్షన్లకీ, నవరాత్రి పందిళ్ళకీ, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్ల వైపు ప్రోగ్రాములకీ పిలిచేవారు. అన్నయ్యది కీబోర్డు, మా ఆయనది బేస్ గిటారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. తర్వాత తర్వాత ఆ పిలుపొక్కటే మిగిలింది. తక్కినదంతా విషం.

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. సంగీతం గురించి నాకు తెలిసిందంతా వంటింట్లో గిన్నెల స్టాండు చెప్పిందే. ముందు గదిలో ఆయన గిటారు మీద నాబు తిప్పి లావు తీగ మీటితే, స్టాండులో పళ్ళేలు గలగల వణికేవి. "మోగినాయేటే?" అని అక్కణ్ణుంచే అడిగేవాడు. మోగినాయి అంటే శబ్దం మరీ లావైపోయినట్టు. కొంచెం తగ్గించేవాడు.

ఏ పాటకు ఏ టోను అన్నది ఆయనకు పెద్ద పట్టింపు. మెలొడీ పాటైతే పదును పూర్తిగా తగ్గించి, తీగల కింద నా గిన్నెలు తోమే స్పాంజి ముక్క దోపి, బొటనవేలి కండతో మీటేవాడు. దుం, దుం అని పొట్టిగా, మెత్తగా వచ్చేది. డాన్సు పాటకి స్పాంజి పీకేసి పదును పెంచేవాడు, లేకపోతే డ్రమ్ముల్లో కలిసిపోతుందని. చర్చి పాటలకు ఒక్కో మోత సాగాలి. పాతూళ్ళో సాయిబుల పెళ్ళికి ఖవ్వాలీ వాయిస్తే లావు తగ్గించేసేవాడు. ఢోలక్ గుమ్మనే చోట తను అడ్డం రాకూడదట. జాలర్ల పండక్కి సముద్రం ఒడ్డున స్టేజీ వేస్తే మాత్రం గాలి తినేస్తుందని ఉన్న లావంతా పెంచేవాడు.

అన్నయ్యకు ఇది కంటగింపు. పాటకీ పాటకీ మధ్య ఆయన వంగి నాబులు తిప్పుతుంటే మైకులోనే అనేవాడు.

"మా బావ స్టవ్వు ముట్టిత్తన్నాడండీ. ఒక్క నిమిషం ఓపిక పట్టండి."

జనం నవ్వేవారు. ఆయన తలెత్తేవాడు కాదు.

రెండువేల సంవత్సరం దాటాక అన్నయ్య కొత్త కీబోర్డు కొన్నాడు. దానిమీద ఎడం చేత్తో బేస్ కూడా వాయించుకోవచ్చు. ఆ సంగతి మా ఇంట్లోనే, నేను వడ్డించిన చేపల పులుసు తింటూ చెప్పాడు.

"ఇంక నీతో నాకు పనేటుంది బావా? నా ఎడం సెయ్యి సాలు. సెల్లి మొగం సూసి ఉంచుతన్నాను."

"ఉంచకు."

"ఉంచుతాను. కానీ ఒకటే టోను. నువ్వు తిప్పడం నాను సూసేనంటే అదే ఆకరు."

"మెలొడీకీ డాన్సుకీ ఒకటే టోనేటి బావా? పులుసులోనూ పాయసంలోనూ ఒకే పోపు ఏత్తావేటి?"

"తినేవోడికి తెలీదులే," అన్నాడు అన్నయ్య, ముల్లు ఏరి పారేస్తూ.

ఆ తర్వాత సీతమ్మధారలో ఒక రిసెప్షను. పెళ్ళివారు మాకు చుట్టరికం కాబట్టి నేనూ వెళ్ళి, స్టేజీ పక్కనే స్పీకరు దగ్గర కూర్చున్నాను. మొదలుపెట్టే ముందు అన్నయ్య కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు తెచ్చి గిటారు నాబులు కదలకుండా అంటించేశాడు. స్పాంజి ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. పాడేవాళ్ళంతా చూస్తున్నారు.

మెలొడీ పాట వచ్చింది. ఆయన అరచేతి అంచు తీగలకు ఆనించి బొటనవేలితో మీటాడు. స్పాంజి ఉన్నట్టే మెత్తగా పలికింది. డాన్సు పాట వచ్చేసరికి చెయ్యి తీగల చివరికి జరిపి గోటితో కొట్టాడు. పదునుగా పలికింది. టేపు నాబులకే కదా వేసింది, వేళ్ళకు కాదు. అన్నయ్య చెవులూ తక్కువవి కావు. కీబోర్డు ఆపకుండానే ఆయన వైపు చూశాడు.

మా వాళ్ళు స్టేజీ ఎక్కేముందు చెప్పులు విప్పేస్తారు. వాద్యానికి కాలు తగిలితే వంగి తాకి కళ్ళకద్దుకుంటారు. దాని వైరుకు తగిలినా అంతే. గిటారు వైరు అన్నయ్య కాళ్ళ ముందునుంచే స్పీకరుకు వెళ్తోంది. పాట మధ్యలో అన్నయ్య ఆ వైరును కాలివేళ్ళతో పట్టి లాగేశాడు. పొరపాటున తగల్లేదు, నేను చూశాను. ఎడం చేత్తో బేస్ అందుకున్నాడు. వంగలేదు. కళ్ళకద్దుకోలేదు.

నా కుర్చీ అదురు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. ఎగిరేవాళ్ళు ఎగురుతూనే ఉన్నారు. మధ్యలో దిగిపోతే పెళ్ళివారికి అవమానమని, శబ్దం రాని గిటారును ఆయన చివరిదాకా వాయించాడు. వాయించి, వైరు చుట్టుకుని దిగాడు.

ఆటోలో అన్నాడు. "ఎవులికీ తెలీనేదు."

"నాకు తెలిసింది," అన్నాను.

"నీకు తెలిస్తే ఆర్కెస్ట్రాలో ఉంచుతాడేటి?"

ఉంచలేదు. కొన్నాళ్ళకు అన్నయ్యే మా గుమ్మంలోకి వచ్చాడు. చర్చి వాళ్ళ ప్రోగ్రాముందట, స్టేజీ మీద గిటారు కనబడాలన్నారట.

"గిటారొక్కటి ఇయ్యి సెల్లీ. వాయించడానికి పద్మనాభం ఊరి మనిషొకడున్నాడు."

"మరి మీ బావో?"

"ఆడెందుకు? మళ్ళీ స్టవ్వు ముట్టిత్తాడు."

ఆయన లోపల గదిలోనే ఉన్నాడు. ఆనాటి టేపు అప్పటిదాకా పీకలేదు. చర్రున పీకిన చప్పుడైంది. వైరు గుచ్చిన చప్పుడైంది. లావు తీగ మోగింది, పళ్ళేలు వణికాయి. మోగినాయా అని అడగలేదు, ఇంకా పెంచాడు. అన్నయ్య పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినబడటం లేదు. స్టాండులోంచి స్టీలు గ్లాసొకటి పడి, దొర్లుకుంటూ వచ్చి అన్నయ్య కాలి దగ్గర ఆగింది.

తీసి, కడిగి, మళ్ళీ స్టాండులో పెట్టేశాను. అందులో కాఫీ పొయ్యలేదు. పుట్టింటి మనిషి మా గుమ్మంలోంచి కాఫీ తాగకుండా వెళ్ళడం అదే మొదలు.