నా చేత్తో రాసుకున్న సింహం

తడిసిన కావిమన్ను వాసన తగిలితే చాలు, ఈ వయసులో కూడా నాకు కడుపులో దేవుతుంది. తొలివాన పడగానే మన్ను ఎంత కమ్మగా వాసనొస్తుందో అని కండ్లు మూసుకొని పీల్చే మనుషులుంటారు. అట్లాంటివాళ్ళ పక్కన నిలబడి నేను ముక్కు మూసుకుంటాను. నా ముక్కుకు అది వట్టి మన్ను కాదు. మన్ను, చీము, చెమట, రెండు దినాలు విప్పని డ్రాయరు, ఈ నాలుగూ కలిపి రేకుల కింద ఎండబెట్టిన వాసన. ఆ వంటకం చేసింది నేనే కాబట్టి ఇంకొకరిని తిట్టేదానికి కూడా లేదు.

అది తొంభైల నడుమ మాట. నాకు ఇరవై ఎనిమిదేండ్లు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని. బాగలూరు రోడ్డు పక్క ఒక రేకుల గదిలో బాడుగకుండేవాణ్ణి. ఎండాకాలంలో ఆ గదిలో గోడకు ఆనుకుంటే వీపు దోసెలాగా అంటుకొనేది. అమ్మ కృష్ణగిరిలో ఉండేది. కుందారపల్లి దగ్గరి పల్లెలో, వరసకు మామ కూతురయ్యే పిల్లను నాకు ఖాయం చేసి తాంబూలాలు కూడా మార్చుకున్నారు. పెండ్లికి ఇంకా రెండు నెలలుంది.

ఒక సోమవారం ఒళ్ళు కాలింది. మంగళవారం గజ్జల్లో బిళ్ళలు కట్టినాయి. బుధవారం పొక్కులు లేసినాయి. యాడ అని అడగొద్దు. మొగవాడు డాక్టరుకు చూపించేదానికి కూడా గోడవైపు తిరుక్కొనే చోటు ఒకటుంది కదా, ఆడ. లెక్కపెడితే పదకొండో పన్నెండో. కానీ నాకు మాత్రం మా పక్క పోచంపల్లి సంతకు వచ్చిన జనమంతా బండ్లతో, మేకలతో ఆడ దిగి పొయ్యిలు రాజేసుకున్నట్లుండింది. ఒంటికి పోవాలంటే ఫ్యాక్టరీ కక్కసులో తువ్వాలు పండ్ల మధ్య పెట్టుకొని కొరికేవాణ్ణి. వారానికి ఆ తువ్వాలు చేపల వల అయిపోయింది. ఇంక నీళ్ళు తాగేదే మానేసినాను. దాంతో పోసిన నాలుగు చుక్కలూ యాసిడ్ మాదిరి దిగేవి.

నొప్పి కంటే రోత ఎక్కువ. పొక్కులు పగిలి, తడిసి, గుడ్డకు అంటుకొని, విడిపోయి, మళ్ళీ అంటుకొని. నా ఒళ్ళు నాకే ఎవరో తిని పారేసిన విస్తరాకులాగా కనిపించేది. చేతులు కడిగి కడిగి వేళ్ళమీద గీతలు చెరిగిపోయినాయని అప్పట్లో నేను గట్టిగా నమ్మినాను. ఇడ్లీని స్పూనుతో తినేవాణ్ణి. హోటలు సప్లయరు నన్ను బెంగళూరు ఆఫీసరనుకొని రెండోసారి చట్నీ అడగకుండానే పోసినాడు.

డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అంటారు. ఆ కాలంలో మొగవాళ్ళకు ఇట్లాంటి వైద్యమంతా బస్టాండు మూత్రశాల గోడమీదే ఉండేది. కంటిలో నీళ్ళు కారే ఆ కంపులో, తలపాగా చుట్టిన వైద్యుడి బొమ్మ, కింద ఏ వారం ఏ లాడ్జిలో దొరుకుతాడో, ఆ కింద మన తప్పుల పట్టిక. దాన్ని మూడు భాషల్లో చదివినాను. మూడింట్లోనూ నేను చచ్చిపోయేవాణ్ణే. ఎర్రమచ్చ కనిపిస్తే ఎయిడ్సే అని జనం వణికే దినాలవి. అంతకు ఏడాది ముందు నాకొక ఆమెతో నాలుగు నెలల సావాసముండింది. ఆమె మంచిదే. ఆనక వేరే ఊరికి బదిలీ అయి పోయింది. గోడమీద పట్టిక చదివితే ఆ నాలుగు నెలలూ కండ్లముందర తిరిగేవి. అందుకని నేను గోడవైపు చూడకుండా ఇంకొకటి నమ్మేదానికి నిర్ణయించుకున్నాను. ఇది అక్కి.

మా పక్క ఒంటిమీద పొక్కులు గుంపుగా లేస్తే అక్కి అంటారు. దానికి మందు కుమ్మరి చేతిలో ఉంటుంది. కావిమన్ను నీళ్ళలో కలిపి, పొక్కుల మీద, వాటి చుట్టూ సింహం బొమ్మ రాస్తాడు. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందని నమ్మకం. అన్నిటికంటే నాకు నచ్చింది ఏమంటే, అక్కి మర్యాదస్తుల జబ్బు. అక్కి వచ్చినవాణ్ణి ఏం చేసి తెచ్చుకున్నావని ఎవరూ అడగరు. మజ్జిగ ఇచ్చి చాప వేస్తారు.

శనివారం కృష్ణగిరికి పోయినాను. వాకిట్లో నా నడక చూసి అమ్మ నవ్వాలా ఏడవాలా తెలియక నిలబడిపోయింది. "ఏం నాయనా, కాళ్ళ నడుమ కడవ పెట్టుకొని నడిచినట్లు నడుస్తా ఉండావు?" అనింది. అక్కి అని చెప్పినాను. యాడ అనింది. తొడమీద అన్నాను. అబద్ధం పూర్తిగా కాదు, దారి తప్పిన రెండు పొక్కులు తొడమీదికి కూడా వచ్చి ఉండినాయి.

మర్నాడు పొద్దున్నే కుమ్మరాయన అరుగుమీద నేను ఐదోవాణ్ణి. నా ముందర ఒక ముసలామె మొహమంతా ఎర్రగా రాయించుకొని ఎండలో కూర్చొని ఉండింది. ఆయన దగ్గర కోడి ఈక ఒకటి. ఎన్ని ఒళ్ళమీద తిరిగిందో ఆ ఈక, కొస చీలి, ఎర్రగా గట్టిపడి, కోడికే చూపించినా గుర్తుపట్టదు. నాకు ఆడనే డోకొచ్చింది. పంచె పైకి లాగి తొడ చూపించినాను. ఆయన పొక్కులు చూసినాడు, నా నడక ముందే చూసినాడు, నా మొహం చూసినాడు.

"రెండేనా అప్పా?"

"రెండే."

ఆ రెండు పొక్కులూ కండ్లయ్యేటట్లు, చుట్టూ జూలు, మీసాలు, పంజాలు, ఒక్క నిమిషంలో సింహాన్ని నిలబెట్టినాడు. అమ్మ దానికి దండం పెట్టింది. కొడుకు తొడకు దండం పెట్టే తల్లిని ఆ అరుగు అంతకు ముందు చూసి ఉండదు. మూడు దినాలు తడపకూడదు, ఉప్పూ పులుసూ ముట్టకూడదు అని చెప్పి, ఆరితే మళ్ళీ పూసుకొనేదానికి టెంకాయ చిప్పలో ఇంత మన్ను ఇచ్చి పంపినాడు. ఆ చిప్పలోది సగం నేను కాగితంలో పొట్లం కట్టుకొని హోసూరుకు బస్సెక్కినాను.

సింహం తొడమీద, అక్కి ఇంకొక చోట. కాపలావాణ్ణి పక్కవీధిలో నిలబెట్టినట్లు కదా. సోమవారం మధ్యాహ్నం గది తలుపు గడియ పెట్టి, గడ్డం గీసుకొనే అద్దాన్ని కిరసనాయిల్ స్టవ్వుకు ఆనించి, ముందర గొంతుక్కూర్చున్నాను. మన్ను కలిపినాను. ఈక లేక చీపురుపుల్ల తీసుకున్నాను. నా చేతిలోని సింహం అద్దంలో మొదట కుక్కయింది, తర్వాత పందికొక్కయింది, చివరికి ఏ అడవిలోనూ లేని ఒక జంతువయి నాకేసి చూస్తా కూర్చుంది. పచ్చిపుండ్ల మీద ఆ మన్ను తగిలినప్పుడు నేను పెట్టిన కేకకు పక్కింటి రేడియో ఆగిపోయింది.

అసలు కథ అది ఆరినాక. రేకుల వేడికి మన్ను బిగిసింది. బిగిసి కుదించుకుంది. కుదించుకొని, దానికి అందిన ప్రతి వెంట్రుకనూ పట్టుకొని లాగింది. ఆ స్థితిలోనే మిషను ముందర ఎనిమిది గంటలు నిలబడినాను. చెమటకు అది కరిగి కాకీ ప్యాంటు మీద ఎర్రగా దిగింది. పక్క మిషనాయన కుంకుమ పొట్లం జేబులో చిరిగిందనుకొని, ఏ గుడికి పోయి వచ్చినావప్పా అని అడిగినాడు. మంగళవారం సాయంత్రానికి డ్రాయరూ మన్నూ నేనూ ఒకే వస్తువయిపోయినాము. బకెట్లో రెండు గంటలు కూర్చుంటే గానీ విడిపోలేదు. ఆ బకెట్టు నీళ్ళ రంగూ, అందులో తేలినవీ చెప్పను. ఆ బకెట్టును ఎవరికీ ఇవ్వలేక, పారేసేదానికి తీసుకపోతూ ఉంటే కుక్క ఒకటి వాసన చూసి పక్కకు తిరిగి పోయింది. కుక్కకు రోత పుట్టించిన మనిషిని నేను.

పుండ్లు చీము పట్టినాయి. బుధవారం ఇంక గతిలేక చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. నడివయసు ఆమె, అరవంలో మాట్లాడింది. ఎంత కడిగినా మడతల్లో ఇంకా ఎర్రగా మిగిలింది చూసి, ఇది ఎవరు రాసినారు అనింది. నేనే అన్నాను. ఏం బొమ్మ అనింది. సింహం. ఆమె కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకొని, మొహంలో నవ్వు అనేది లేకుండా మందులు రాసింది. ఆ నవ్వకపోవడానికి నేను ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇది కుమ్మరి అక్కి కాదని, పేరు హెర్పిస్ అని, ఒళ్ళూ ఒళ్ళూ కలిస్తే అంటుకుంటుందని చెప్పింది. శానామందికి ఉంటుంది, సగంమందికి ఉన్నట్లే తెలియదు, ఎవరినుంచి ఎప్పుడు వచ్చిందో తేల్చలేము అనింది. ఎయిడ్స్‌కు రక్తం పరీక్ష చేయించింది, అది లేదు. దీనితో చావవు, కానీ ఇది పూర్తిగా పోదు, నరాల్లో పడుకొని అప్పుడప్పుడు లేస్తుంది, పోనుపోను లేవడం తగ్గుతుంది. లేసినప్పుడు భార్య దగ్గరికి పోకూడదు. పడుకొని ఉన్నప్పుడు కూడా కొంచెం భయముంటుంది, కండోమ్ వాడల్ల. ఇదంతా విని, పెండ్లి చేసుకోవచ్చునా అని అడిగినాను.

"చేసుకో. దాచి మాత్రం చేసుకోవద్దు."

దినానికి ఐదు మాత్రలు మింగతా రెండు వారాలు ఆలోచించినాను. అబద్ధమెందుకు, దాచేద్దామనే ఆలోచించినాను. చెప్తే పెండ్లి పోతుంది. పెండ్లి ఎందుకు పోయిందని రెండు తాలూకాల చుట్టాలూ అడుగుతారు. చెప్పకపోతే, ఏమీ ఎరగని పిల్లకు నా సంతను తీసుకపోయి అప్పజెప్పినట్లు. ఆ బకెట్టు గుర్తొచ్చేది. ఆ నీళ్ళను ఇంకొకరి ఇంట్లో పోసేదానికి మాత్రం చెయ్యి రాలేదు.

పెండ్లి చీరలు తీసేదానికి రెండు ఇండ్లవాళ్ళూ కృష్ణగిరి గుడ్డలంగడికి వచ్చినప్పుడు నాకు సందు దొరికింది. లైటు కింద రంగు మోసం చేస్తుందని చీరను వీధి వెలుతురులోకి తీసుకపోయి చూడటం అందరూ చేసేదే. అమ్మా, కాబోయే అత్తా అంచు గురించి తగువులాడతా ఉంటే, నేనూ ఆ పిల్లా చెరొక కొస పట్టుకొని వాకిట్లోకి వచ్చినాము. నా కర్మకు ఆ చీర కావిరంగుది. చూస్తేనే డోకొచ్చింది. డోకు మింగతా మొత్తం చెప్పేసినాను. ఆ నాలుగు నెలల సావాసం, పొక్కులు, కుమ్మరాయన, స్టవ్వు ముందర అద్దం, పందికొక్కు, డాక్టరమ్మ, అన్నీ. లోపలినుంచి రంగెట్లుందని రెండుసార్లు కేకేసినారు.

ఆ పిల్ల గొర్రెలమందలో పుట్టి పెరిగిన మనిషి. గొర్రె కాలిపుండులో పురుగులను వేలితో తీసి, అదే చేతిని బూడిదతో కడుక్కొని సంగటి తినగలదు. చీర కొసను మెల్లగా మడిచింది.

"మా గొర్రెలకు అంటుజబ్బొస్తే మందలోనుంచి విడదీసి కడతాం. నిన్ను యాడ కట్టేసేది బావా?"

ఆ డాక్టరమ్మతో తాను మాట్లాడల్లంది, నా నోటిమాట చాలదంది. లోపలికి పోయి, ఈ రంగు వద్దని చీర కిందపెట్టింది. వద్దన్నది చీరనో నన్నో నాకు తెలియలేదు.

వారానికి, జాకెట్టు కుట్టించే సాకుతో ఆ పిల్ల వాళ్ళక్కను తోడు తీసుకొని హోసూరుకు వచ్చింది. అక్కను టైలరంగడిలో కూర్చోబెట్టి, డాక్టరమ్మ గదిలోకి ఒక్కతే పోయింది. నేను బయట బెంచీమీద. అరగంట పట్టింది. నా లెక్కకు అది ఒక పంచవర్ష ప్రణాళిక. ఎదురుగోడమీద గజ్జి, తామర, చిడుము పటాలు. అవన్నీ నాకు చుట్టాలయిపోయినాయి. ఆమె బయటికొచ్చి పక్కన, మూరెడు ఎడంగా కూర్చుంది.

"రోత లేదని చెప్పను బావా. పుండులో పురుగు తీసినప్పుడు కూడా రోతే. అయినా చెయ్యి వెనక్కి తీసుకోను. కానీ నేను అడిగి తెలుసుకొనేది ఉండకూడదు. అది లేసిన దినం నువ్వే నోరు తెరిచి చెప్పల్ల. ఒక్కసారి దాచినావంటే మా ఊరికి పోతాను."

పెండ్లి అయింది. మొదటి ఏడాది ఐదుసార్లు లేసింది, ఆనక మూడు, ఆనక ఒకటో రెండో. లేసే ముందు దినం తొడలో చీమలు పాకినట్లుంటుంది. అప్పుడే చెప్పేస్తాను. సింహం లేసింది అంటాను. ఆమె నా చాపా తువ్వాలూ వేరే పెడుతుంది. ప్రతిసారీ చెప్పేటప్పుడు నా మీద నాకు ఆ బకెట్టునాటి రోతే. అది మాత్రం పోనుపోను తగ్గలేదు. కడుపుతో ఉన్నప్పుడు కాన్పు డాక్టరుకు ఆమే ముందుగా చెప్పింది. బిడ్డ బాగా పుట్టింది. ఆమెకు ఇంతవరకూ పొక్కు లేవలేదు.

రెండువేల సంవత్సరం దాటినాక ఒక పండగపూట కృష్ణగిరిలో ఉన్నాము. ఇల్లంతా చుట్టాలు. పొద్దున్నే చీమలు పాకినాయి. ఆమె వడియాలు వేయిస్తా ఉంటే చెవిలో, సింహం లేసింది అన్నాను. పక్కనే ఉన్న అమ్మ చెవిలో అది పడింది. అమ్మకు తెలిసిన సింహం ఒకటే. అక్కి మళ్ళీ వచ్చిందా నాయనా అని, అటకమీది టెంకాయ చిప్పను తెచ్చింది. అన్నేండ్లు దాచి పెట్టింది. అడుగున ఎండి పగిలిన కావిమన్ను. కుమ్మరాయన లేడు కాబట్టి నువ్వే రాయమ్మా అని కోడలి చేతికిచ్చింది. చుట్టాలంతా చుట్టూ చేరినారు. యాడ లేసిందని అడిగినారు.

నా భార్య నా మొహం చూసింది. చిప్పలో నీళ్ళు పోసి వేలితో కలిపింది. ఆ వాసన లేసింది. నా గొంతులోకి పొద్దున తాగిన కాఫీ వచ్చింది.

"ఈడ అత్తా" అని ఎవరూ తొంగి చూసేలోపే నా చొక్కా చెయ్యి మడిచి, పొక్కే లేని మోచేతి మీద జూలుతో మొదలుపెట్టింది. ఆమె సింహం నా సింహం కంటే బాగానే ఉండింది. నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని లేవబోతే, ఇంకొక చేత్తో మణికట్టు పట్టుకొనింది.

"కదలొద్దు బావా," అనింది, "తోక ఇంకా ఉంది."