లాకు దగ్గర చేపపిల్లలు

మొన్న రాజమండ్రిలో ఒక ప్లీడరు గారింటికి పేరంటానికి వెళ్తే, హాల్లో గాజు తొట్టిలో ఎర్రచేపలు తిరుగుతున్నాయి. ఆడవాళ్లంతా ముచ్చటపడుతుంటే నాకు మాత్రం గుండె దడదడలాడింది. చేపల్ని చూసి దడేమిటి, చాదస్తం కాకపోతే అంటారా? మా నాన్నగారి ఉద్యోగం ఒకప్పుడు అలాంటి చేపల తోకలకే వేలాడింది మరి.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా పడని రోజులవి. నాన్నగారు రామచంద్రపురం దగ్గర, పడవల్ని ఎక్కించి దించే కాలవ లాకుకి గుమాస్తా. ఇంజనీరు దొర భార్య వేసవికి నీలగిరికి పోతూ తన చేపల్ని మా ఇంట్లో వదిలింది. ఒక తొట్టిలో ఎర్రవి, ఇంకో తొట్టిలో తెల్లవి. "కలపకూడదు" అని వచ్చీరాని తెలుగులో మరీ మరీ చెప్పింది. చేప వాసన తగిలితేనే ముక్కు మూసుకునే మా అమ్మ, వాటికి మెతుకులు వేస్తూ "తినండే తల్లీ" అని బతిమాలేది. ఇంతలో ఏటా లాగే మరమ్మతులకి నీళ్లు ఆపి కాలవ కట్టేశారు. ఆ ఏడు నుయ్యి కూడా అడుగంటింది. మనుషులకే కడవెడు నీళ్లు గగనమైతే రెండు తొట్లకి అమ్మ ఎక్కడ తెస్తుంది? తెల్లవాటిని తీసి ఎర్రవాటితో కలిపేసింది. "ప్రాణం పోవడం కంటే పొత్తు కలవడం నయం కాదుటండీ?" అంది. నాన్నగారూ ఊఁ అన్నారు.

పొత్తు బాగానే కలిసింది. కొన్నాళ్లకి నాచులో కళ్లు తప్ప ఒళ్లు లేని పిల్లలు కనిపించాయి. అమ్మ వాటిని నాచుతో సహా ఓ పాత బానలోకి మార్చింది. అవి పెరుగుతున్నకొద్దీ మా ఇంట్లో నిద్ర కరువైంది. ఎర్రవి కావు, తెల్లవి కావు, అచ్చం పొలాల పంటబోదెలో దొరికే పరిగె చేపల్లా బురద రంగు! "జాతి చెడగొట్టానేమోనండీ" అని అమ్మ ఏడుపు. "అసలు పిల్లల్ని అమ్ముకుని పరిగెలు పోశాడంటారే. ఉద్యోగం ఊడినట్టే" అని నాన్నగారు అన్నం కెలుకుతూ కూర్చునేవారు. పోనీ పసుపునీళ్లు పోసి చూద్దామా అంది అమ్మ. "చేపకి నలుగు పెడతావుటే?" అని కసిరారు.

తొలకరికి కాలవ వదిలారు. దొరసాని వస్తోందని కబురొచ్చింది. ఆ పొద్దున నాన్నగారు బాన ఎత్తుకుని లాకు మీదికి నడిచి, కాలవలోకి వంచేశారు. "అయ్యో, పిల్లలండీ!" అంటూ అమ్మ పరుగున వచ్చేసరికి అడుగున నాచులో చిక్కుకుని కాసిని మిగిలాయి. బాన లాక్కుని "ఉంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పోతుంది. ఇవి నేను పెంచినవి" అంది. అమ్మ ఆయన మీద గొంతెత్తడం నేను వినడం అదే మొదలు.

తీరా చూస్తే, వానలకి దారులు చెడి దొరసాని శ్రావణం దాకా రానే లేదు. ఈలోగా ఒక పిల్ల పొట్ట కింద పసుపు మెరిసింది. ఆ పసుపు పైకి పాకి ఎరుపెక్కింది. ఇంకోదాని ఒళ్లు తెల్లబడి, వీపు మీద కుంకం చల్లినట్టు మచ్చలు తేలాయి. దొరసాని బాన పక్కన గొంతుక్కూర్చుని, కోప్పడలేదు సరికదా, చప్పట్లు కొట్టింది. పుట్టినప్పుడు అన్నీ మట్టిరంగేనట, రంగు తరవాత తిరుగుతుందట! అప్పుడు తలెత్తి నాన్నగారిని అడిగింది.

"మిగతావి ఎక్కడ?"

నాన్నగారు కాలవకేసి చూశారు.

ఉద్యోగం పోలేదు. కానీ ఏటా కాలవ కట్టినప్పుడల్లా ఆయన పంచె ఎగగట్టి, అడుగున మిగిలిన మడుగుల్లో వెతికేవారు. లాకు తలుపులు తిప్పే లస్కర్లు చాటుగా నవ్వుకునేవారు. కాలం తన పని తాను చేస్తూనే ఉంటుంది, అందాకా ఆగే ఓపిక మన భయానికే ఉండదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా, పడవ లాకులో ఆగితే నేనూ వంగి నీళ్లలోకి చూస్తాను.