పుణుకు అంటే ఏమిటని అడిగితే

పోయిన ఆదివారం బోడుప్పల్‌లో మా చెల్లెలి మనవరాలిని తొట్టెలలో వేశారు. పసిదాన్ని ఒళ్లోకి తీసుకున్న ప్రతివాళ్లూ తమకు తోచిన పోలిక చెబుతుంటే, ఒక పెద్దావిడ "నాయనమ్మ ముక్కు పుణికిపుచ్చుకున్నది" అన్నది. పక్కనే ఫోన్‌తో ఫోటోలు తీస్తున్న చెల్లెలి కోడలు నావైపు తిరిగి, "పుచ్చుకునుడు సమజైంది గని, ఈ పుణుకుడేంది పెద్దత్తమ్మా?" అని అడిగింది. బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషిని కదా, అందరూ నా జవాబు కోసం చూశారు. "తాకడం లాంటిదేలే" అనేసి పాయసం గిన్నె అందుకున్నాను.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ సగం జవాబు నన్ను గుచ్చుతూనే ఉంది. ఎందుకంటే నలభై ఏళ్ల కిందట ఇదే మాటకు ఇదే సగం జవాబు ఒకసారి చెప్పాను. ఆ తర్వాత నా కాపురంలో జరిగింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా వయసు వాళ్లు చదువుతారని తెలిసే ఇప్పుడు రాస్తున్నాను, వాళ్ల దగ్గర సిగ్గెందుకు?

మేము అప్పుడు నాచారంలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. మా ఆయనది జనగామ వైపు పల్లెటూరు, ఇనుప రేకులు వంచే ఒక చిన్న ఫ్యాక్టరీలో పని. నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. షిఫ్టు సైరన్ కూస్తే వీధిలో ఆడవాళ్లు పొయ్యి మీద చాయ్ పెట్టే రోజులవి. గాలి ఎటు తిరిగితే అటునుంచి ఒక్కో ఫ్యాక్టరీ వాసన వచ్చేది, మూడు నెలలు గడిచేసరికి కళ్లు మూసుకుని ఏ గాలో చెప్పగలిగేదాన్ని. మా ఆయనకు మాటలు తక్కువ. కానీ నేను చాప మీద కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతుంటే, వెనకనుంచి వెళ్తూ వెళ్తూ నా మెడ మీద బొటనవేలితో ఒక్కసారి రాసి వెళ్లేవాడు. దిద్దుతున్న అక్షరం వంకర పోయేది. ఆయన తలుపు దగ్గర నిలబడి అది చూసి నవ్వుకునేవాడు. మాటల్లో చెప్పలేనిదంతా ఆ చేత్తోనే చెప్పేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఆ చేయి రావడం మానేశాక.

పెళ్లయిన మూడో ఏడు ఆయన కుడిచేయి మిషన్ కింద నలిగింది. దేవుడి దయవల్ల వేళ్లు నిలిచాయి. నెలన్నర కట్టు, ఆ తర్వాత స్టోరు గదిలో తేలిక పని. చేయి నయమైందని అందరం అనుకున్నాం. కానీ ఆయన నన్ను ముట్టుకోవడం మానేశాడు. చాయ్ గ్లాసు ఇస్తే నా వేళ్లు తగలకుండా అందుకునేవాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకింకా పిల్లలు కలగలేదు, ఊరికి పోయినప్పుడల్లా ఆయన అక్కలు ఏదో ఒకటి అననే అంటారు, ఆ మాటలు ఈయన తలకు ఎక్కాయనుకున్నాను. అడగవచ్చు కదా అంటారేమో. అడిగితే అవునంటాడేమోనన్న భయం. ఆరు నెలలు అట్లాగే గడిచాయి. పుట్టింటికి వెళ్లిపోదామని ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుని, మళ్లీ తీసి దండెం మీద వేసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఒకసారి పదో తరగతిలో పాత పద్యమొకటి చెబుతున్నాను. అందులో నాయకుడు నాయిక చెక్కిలి పుణుకుతాడు. అట్లాంటి చోట మేమందరం గబగబా చదివి దాటేసేవాళ్లం. ఆ రోజు ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, పుణుకుడంటే ఏందని అడిగింది. వెనకనుంచి కిసుక్కున నవ్వులు. "తాకడం. రాసుకోండి" అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "తాకుడే అయితే తాకుడనే రాయకపాయెనా టీచర్?" అన్నది. నాకు కోపం రావాలి, కానీ ఏడుపు వచ్చినంత పనైంది. గంట కొట్టి నన్ను కాపాడారు.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. తడమడం, వేళ్లతో మెల్లగా ఒత్తడం, నిమరడం, పిసకడం, ఇన్ని అర్థాలున్నాయి ఆ చిన్న మాటకు. మరి పోలికలకీ దీనికీ సంబంధమేమిటని ఆలోచిస్తూ కూర్చున్నాను. పెద్దవాళ్లు పిల్లల బుగ్గలు రెండు చేతులా పుణికి, ఆ వేళ్లు తమ పెదవులకు ఆనించుకుంటారు కదా, చేత్తో తడిమి అవతలి మనిషిలోది ఏదో తమలోకి తీసుకున్నట్టు. పుణికిపుచ్చుకోవడం అక్కడినుంచే వచ్చిందేమో అనిపించింది. పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

అంతలో మా ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. చాయ్ ఇచ్చి, ఆయన ముఖం చూడకుండానే ఈ మాట తెలుసా అని అడిగాను.

"గిది గూడ పుస్తకంల సూడాల్నా? మా అవ్వ సీతాఫలాలు పుణికే కదా గంపకెత్తేది. ఏలు ఆనిస్తే సాలు, ఏది ఇయ్యాల్టిదో ఏది రేపటిదో చెప్తుండె. గట్టిగ ఒత్తితే పండు ఖరాబైతది, ఒత్తకుంటే తెల్వది" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత అంత పొడుగు మాట. అక్కడ ఆగి, తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "నాకిప్పుడు ఆ లెక్క పోయింది. ఈ ఏళ్లకు గిలాస ఒకటే, నీ చెయ్యి ఒకటే. ఎంత ఒత్తుతున్ననో ఎర్కైతలేదు. నీకు నొప్పి పెడ్తనేమో అని…"

ఆరు నెలలు నేనేమేమో ఊహించుకుని కుమిలిపోయాను, ఈయనేమో నాకు నొప్పి కలుగుతుందని తన చేతిని తానే కట్టేసుకుని కూర్చున్నాడు. "నొప్పైతే నేను చెప్పనా? నాకు నోరు లేదా?" అన్నాను, కసిరినట్టే. కసురుతూనే ఆ చేతిని తీసి నా చెంపకు ఆనించుకున్నాను. ఎట్లా ఉందని అడిగితే ఏమీ తెలియడం లేదన్నాడు. ఎడమచేతిని ఆనించుకున్నాను. "ఎచ్చగున్నది" అన్నాడు. ఆయన కళ్లు నిండాయి.

ఆ ఆదివారం ఉప్పల్ మార్కెట్‌కు వెళ్లాం. సీతాఫలాలు ఎడమచేత్తో ఏరమని ఆయనకే చెప్పాను. అలవాటు లేని చేయి కదా, మొదటి పండు చేతిలోనే పగిలింది. అమ్మే ఆమె ఊరుకుంటుందా, "పుణుకు అన్నా, పిసుకకు!" అని అరిచింది. నేనూ ఆయనా ఒకరినొకరు చూసుకుని రోడ్డు మీదే పడీపడీ నవ్వాం. ఇంటి దగ్గర కూడా నేను మెల్లగా అంటే మెల్లగా, ఇంకొంచెం అంటే ఇంకొంచెం, అట్లా ఆ చేయి నేర్చుకుంది. నోరు తెరిచి నాకేది ఇష్టమో చెప్పడం నేనూ నేర్చుకున్నాను. రెండేళ్లకు కుడి బొటనవేలికి కాస్త స్పర్శ తిరిగివచ్చింది, మిగతా వేళ్లకు రాలేదు. ఆ మధ్యలోనే మా పెద్దమ్మాయి పుట్టింది.

బడిలో మాత్రం మర్నాడే సరిదిద్దుకున్నాను. పుణకడమంటే ఇష్టంతో తాకడం, ఎదుటివాళ్లకు నొప్పి కలగకుండా, వాళ్లెట్లా ఉన్నారో తెలుసుకునేట్టు తాకడం అని చెప్పాను. వెనక బెంచీలు నవ్వాయి. నవ్వుతూనే రాసుకున్నాయి.

మా ఆయన పోయి మూడేళ్లయింది. నాచారంలో మా పోర్షన్ ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది. ఉప్పల్ మెట్రో మెట్ల మీద కుర్ర జంటలు చేతులు పట్టుకుని దిగుతుంటే చూడటానికి నాకెంతో బాగుంటుంది. వీధిలో మేమెప్పుడూ అట్లా నడవలేదు, ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచేవాడు. నాకిప్పుడు లోటేమీ లేదు. రోడ్డు దాటించడానికి అల్లుడు చేయి పట్టుకుంటాడు, బీపీ చూడటానికి నర్సమ్మ పట్టుకుంటుంది, మెట్లెక్కేటప్పుడు మనవడు పట్టుకుంటాడు. అందరూ మంచివాళ్లే, అందరూ ఏదో ఒక పని మీద పట్టుకుంటారు. ఏ పనీ లేకుండా, ఊరికే వెళ్తూ వెళ్తూ, నేనెట్లా ఉన్నానో తెలుసుకుందామని చేయి వేసే మనిషి లేకపోవడాన్నే ముసలితనం అంటారని ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది.